బ్రిడ్జి మార్చాలా, శాడిళ్లు మారిస్తే చాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా?

ట్యూనర్ ఆరు తీగలూ సరిగ్గా ఉన్నాయని చూపిస్తుంది. కార్డు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) పట్టగానే తేడా కొడుతుంది. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లలో ఈ బాధ పడనివాళ్లు అరుదు. అప్పుడు చూపు నేరుగా బ్రిడ్జి మీద, అంటే బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం మీద పడుతుంది. దాని మీద తీగలను మోసే చిన్న ముక్కలే శాడిళ్లు. ఇది నాసిరకం, మంచిది వేస్తే అంతా సర్దుకుంటుంది అనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట నాకూ అలాగే అనిపించి, స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్‌కి బ్రిడ్జి మొత్తం మార్చాను. సి కార్డులో రెండో తీగ అంతకుముందు ఎంత షార్ప్‌గా (ఉండాల్సిన శ్రుతికంటే పైకి) ఉండేదో, తర్వాతా అంతే ఉంది. తప్పు బ్రిడ్జిలో లేదు, నట్‌లో, అంటే నెక్ చివర తీగలు కూర్చునే గాడుల పట్టీలో ఉంది. గాడి తగినంత లోతు లేక, మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కడ్డీ) దగ్గర నొక్కినప్పుడల్లా తీగ అవసరానికి మించి సాగుతోంది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేశాను.

అందుకే ఏది మేలు అని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: తేడా ఎక్కడ వినిపిస్తోంది? మొదటి మూడు ఫ్రెట్లలోనే ఎక్కువగా ఉంటే నట్‌ను అనుమానించాలి. పైకి వెళ్లేకొద్దీ, ముఖ్యంగా 12వ ఫ్రెట్ దాటాక పెరుగుతుంటే శాడిల్ ఉన్న చోటు సరిగ్గా లేదు. ఎటూ తేల్చుకోలేకపోతే మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, మళ్లీ శ్రుతి చేసి, 13వ ఫ్రెట్ దగ్గర చూడండి. కేపో పెట్టాక నట్‌తో పని ఉండదు కాబట్టి, అప్పటికీ తేడా మిగిలితే అది నట్ తప్పు కాదు.

దారులు మూడు. ఉన్న బ్రిడ్జినే సరిగ్గా సర్దుకోవడం, శాడిళ్లు మాత్రం మార్చడం, బ్రిడ్జి మొత్తం మార్చడం. నా అనుభవంలో ఎక్కువ గిటార్లకు మొదటిది సరిపోతుంది. కానీ అది ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే మనసు మళ్లీ కొత్త బ్రిడ్జి వైపే లాగుతుంది, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

స్ట్రాట్, టెలీ (ఫెండర్ టెలికాస్టర్) గిటార్ల స్కేల్ పొడవు (నట్ నుంచి శాడిల్ దాకా లెక్క ప్రకారం ఉండే తీగ పొడవు) 25.5 అంగుళాలు, అంటే సుమారు 648 మిల్లీమీటర్లు. నట్ నుంచి 12వ ఫ్రెట్‌కి 324. లెక్క ప్రకారం అక్కడి నుంచి శాడిల్‌కి కూడా 324 ఉండాలి. కానీ ఫ్రెట్ మీద నొక్కినప్పుడు తీగ కాస్త సాగి, శ్రుతి పెరుగుతుంది. తీగకున్న బిరుసుతనం కూడా దాన్ని ఇంకొంచెం పైకి నెడుతుంది. ఆ పెరుగుదలకు సరిపడా శాడిల్‌ను వెనక్కి జరపాలి. ఏ తీగ ఎంత పెరుగుతుందో దాన్నిబట్టి ఆ జరుపుడు మారుతుంది. అందుకే సరిగ్గా సర్దిన గిటార్‌లో శాడిళ్లు రెండు చిన్న మెట్ల వరుసల్లా కనిపిస్తాయి. అన్నిటికంటే లావైన 6వ తీగది అన్నిటికంటే వెనక, 5, 4 క్రమంగా ముందుకు. చుట్టు లేని (పైన మరో సన్న తీగ చుట్టని) 3వ తీగ మళ్లీ వెనక్కి, 2, 1 ముందుకు. మీ గిటార్‌లో ఆరూ ఒకే గీత మీద ఉన్నాయంటే ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలకడం) ఎవరూ సర్దలేదని దాదాపు నమ్మకంగా చెప్పొచ్చు.

పరీక్ష చిన్నదే. 12వ ఫ్రెట్ లోహపు కడ్డీకి సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలితో తాకి హార్మోనిక్ (సన్నని, తేటైన స్వరం) మోగించండి. తర్వాత అదే ఫ్రెట్‌ను మామూలుగా నొక్కి మోగించండి. నొక్కిన స్వరం హార్మోనిక్ కంటే షార్ప్‌గా ఉంటే శాడిల్ వెనక్కి, ఫ్లాట్‌గా (కిందికి) ఉంటే నెక్ వైపుకి జరపాలి. జరిపేముందు తీగను వదులు చెయ్యండి, లేకపోతే స్క్రూ గాడి అరిగిపోతుంది. గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టి కాదు, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుని కొలవండి. నొక్కేటప్పుడు కూడా మామూలుగా ఎంత బలం పెడతారో అంతే పెట్టండి.

ఇప్పుడు కొనాలా వద్దా అన్నది తేల్చే లెక్క. ఒక అర్ధస్వరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంట్. 648 స్కేల్ గిటార్‌లో శాడిల్‌ను 1 మిల్లీమీటర్ జరిపితే 12వ ఫ్రెట్ దగ్గర తేడా సుమారు 2.7 సెంట్లు మారుతుంది. మీ 6వ తీగ 8 సెంట్లు షార్ప్ అనుకోండి, శాడిల్ దాదాపు 3 మిల్లీమీటర్లు వెనక్కి వెళ్లాలి. కొలబద్ద పట్టుకుని చూడండి, వెనక ఆ 3 మిల్లీమీటర్ల చోటు ఉందా? ఉంటే ఇంటొనేషన్ కోసం మీకు కొత్త బ్రిడ్జి అక్కర్లేదు. లేకపోతే శాడిల్ వెనకున్న స్ప్రింగ్ అడ్డుపడుతోందేమో చూడండి. దాన్ని ఒకటి రెండు చుట్లు కత్తిరిస్తే చాలాసార్లు ఆ చోటు దొరుకుతుంది.

ఈ కొలతలు తియ్యకముందు కొత్త తీగలు వెయ్యాలి. పాత తీగ అక్కడక్కడా అరిగి, తుప్పు పట్టి, బరువు ఒకే తీరుగా ఉండదు. అలాంటి తీగకు శాడిల్‌ను ఎంత జరిపినా ఒక ఫ్రెట్ దగ్గర కుదిరితే ఇంకో ఫ్రెట్ దగ్గర చెడుతుంది. తర్వాత ట్రస్ రాడ్‌తో (నెక్ లోపలి లోహపు కడ్డీతో) నెక్ వంపు, ఆ తర్వాత యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు). తీగలు ఎత్తుగా ఉంటే నొక్కినప్పుడు ఎక్కువ సాగుతాయి కాబట్టి యాక్షన్ మారితే ఇంటొనేషన్ కూడా మారుతుంది. శాడిళ్ల పని చివరిది. మరొకటి, సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగాలు) తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం లావు తీగలను లాగి, స్వరం ఊగిసలాడుతున్నట్టు వినిపిస్తుంది. ట్యూనర్ ముల్లు ఒకచోట నిలవదు. పికప్‌ను కాస్త దించితే పోయేదాన్ని బ్రిడ్జి తప్పుగా లెక్కేసేవాళ్లున్నారు.

ఇవన్నీ అయ్యాక కూడా కుదరకపోతే, శాడిళ్లు. ఇక్కడ అన్నిటికంటే ఆసక్తికరమైనది టెలీ. 1950లో వచ్చిన ఆ డిజైన్‌లో ఆరు తీగలకు మూడే శాడిళ్లు, జంటకొకటి. అప్పట్లో 3వ తీగ కూడా చుట్టు ఉన్నదే వాడేవాళ్లు, కాబట్టి 4, 3 తీగల అవసరాల్లో పెద్ద తేడా ఉండేది కాదు. చుట్టు లేని 3వ తీగ వాడటం మామూలయ్యాక మధ్య శాడిల్ ఇరకాటంలో పడింది. 4వ తీగకు ముందుకు రమ్మంటే 3వ తీగకు వెనక్కి వెళ్లాలి. ఈ తేడాకు తగ్గట్టు ఏటవాలుగానో మెట్టులాగానో చెక్కిన కాంపెన్సేటెడ్ శాడిళ్లు ఒక మందు. ఆరు విడి శాడిళ్ల బ్రిడ్జి ఇంకో మందు.

ఆరుతో ప్రతి తీగనూ విడిగా, కచ్చితంగా సర్దొచ్చు. కానీ శాడిళ్లు సన్నగా, తేలిగ్గా ఉంటే పక్కలకు కదులుతాయి, గలగలమంటాయి, ఎత్తు స్క్రూలు పైకి పొడుచుకొచ్చి అరచేతికి తగులుతాయి. మూడింటిలో ఒక్కో శాడిల్ మీద రెండు తీగల ఒత్తిడి పడుతుంది కాబట్టి అవి గట్టిగా కూర్చుంటాయి. చిన్న తేడా మిగిలినా వాయించేటప్పుడు దాదాపు పట్టుబడదు. నా టెలీకి కాంపెన్సేటెడ్ ఇత్తడి శాడిళ్లు మూడే ఉంచుకున్నాను, మార్చే ఆలోచన లేదు. ఒకే సైజు తీగలు, ఒకే ట్యూనింగ్ వాడేవాళ్లకు ఇదే మేలు. తీగల సైజు తరచూ మార్చేవాళ్లు, కీబోర్డుతో కలిసి రికార్డింగ్ చేసేవాళ్లు ఆరు శాడిళ్లే తీసుకోవాలి. అక్కడ మూడు సెంట్ల తేడా కూడా చెవికి తగులుతుంది.

తీగలు శాడిల్ దగ్గరే తెగుతుంటే గ్రాఫైట్ కలిసినవి లాభం. అది వేరే సమస్య, ఇంటొనేషన్‌కి దానితో సంబంధం లేదు.

గిబ్సన్ లెస్ పాల్ తరహా గిటార్లది ఇంకో కథ. వాటికి వేసే ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జి 1954లో వచ్చింది. దాని తొలి రూపం ఏబీఆర్-1 సన్నగా ఉంటుంది, శాడిల్ జరిగే చోటు తక్కువ. 1970ల్లో వచ్చిన నాష్‌విల్ రకం వెడల్పు ఎక్కువ, చోటూ ఎక్కువ. ఏబీఆర్‌లో శాడిల్ చివరిదాకా వెళ్లి ఆగిపోతే, దాన్ని తీసి తిప్పి పెట్టి చూడండి. తీగ కూర్చునే అంచు ఒకవైపుకి ఉంటుంది కాబట్టి తిప్పితే ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. అదీ చాలకపోతే వెడల్పు బ్రిడ్జికి మారడం సబబే. రెండింటి పోస్టుల (బ్రిడ్జి నిలబడే కడ్డీల) లావు వేరు, కొలవకుండా కొనకండి. రాప్‌అరౌండ్ బ్రిడ్జి ఉన్నవాళ్లకు మాత్రం నేను వెనుకాడకుండా మార్చమంటాను. ఒకే కడ్డీ మీదుగా ఆరు తీగలూ పోయే ఆ బ్రిడ్జిలో విడివిడిగా సర్దడం కుదరదు. విడి శాడిళ్లున్న రాప్‌అరౌండ్ అదే పోస్టుల మీద కూర్చుంటే గిటార్ ఒక్కరోజులో దారికొస్తుంది.

స్ట్రాట్ బ్రిడ్జి మొత్తం మార్చాలనుకునేవాళ్లు మూడు కొలతలు తియ్యాలి. మొదటి తీగ నుంచి ఆరో తీగకు దూరం, బాడీకి బిగించే స్క్రూల మధ్య దూరం, కింద వేలాడే బ్లాక్ (లోహపు దిమ్మ) పొడవు. పాతకాలపు కొలతలో తీగల వరుస వెడల్పు సుమారు 56 మిల్లీమీటర్లు, చాలా కొత్త బ్రిడ్జిలలో 52.5 దగ్గర. ఈ తేడా చూసుకోకపోతే స్క్రూ రంధ్రాలు కలవవు, లేదా అంచు తీగలు ఫ్రెట్ చివరి నుంచి జారిపోతాయి. బాడీ పలచగా ఉంటే పొడవు బ్లాక్ వెనక్కి పొడుచుకొస్తుంది. స్టీల్ బ్లాక్‌తో నాదం మారుతుందా అంటే, నాకు నా గిటార్‌లో తీగ మోగే సమయం కొంచెం పెరిగినట్టు వినిపించింది. ఇంటొనేషన్ మాత్రం ఒక్క సెంట్ కూడా మారలేదు. తీగ పొడవు, ఎత్తు, సైజు ఏదీ మారకుండా అది మారదు.

ఫ్లాయిడ్ రోజ్ (బార్‌తో ఊపి శ్రుతిని ఎక్కించి దించే ట్రెమొలో బ్రిడ్జి) గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట. బార్ ఎంత లాగినా శ్రుతి తిరిగి వచ్చేలా చేసే ఏర్పాటు అది, ఇంటొనేషన్‌కి మందు కాదు. పైగా చాలా గిటార్లలో కొయ్య చెక్కాలి. శాడిల్ జరపాలంటే ప్రతిసారీ తీగ వదులు చేసి, చిన్న బోల్టు విప్పి, చేత్తో జరపాలి. బార్ వాడకం బాగా ఉన్నవాళ్లకే తీసుకోమంటాను.

అన్నీ సర్దాక కూడా మొదటి ఫ్రెట్ల దగ్గర ఇ మేజర్ కార్డులో 3వ తీగ కొంచెం పైకి ఉన్నట్టు వినిపిస్తుంటే దాని జోలికి పోకండి. ఫ్రెట్లు ఆక్టేవ్‌ను 12 సమాన భాగాలు చేస్తాయి. ఆ పద్ధతిలో మేజర్ థర్డ్ (ఆ కార్డులో ఇ నుంచి 3వ తీగ స్వరానికి ఉన్న దూరం) 400 సెంట్లు, చెవికి పూర్తిగా కలిసిపోయేది 386. ఆ 14 సెంట్లు ఏ శాడిల్ జరిపినా పోవు, ఎంత మంచి బ్రిడ్జి వేసినా పోవు.

కొనాలనే నిర్ణయించుకుంటే తీగల సైజు ముందు ఖాయం చేసుకోండి. 9 నుంచి 11కి (మొదటి తీగ లావు, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మారితే శాడిళ్లన్నీ మళ్లీ సర్దుకోవాల్సిందే, తేలే ట్రెమొలో అయితే వెనక స్ప్రింగులు కూడా. కొత్త తీగలు వేసి, ఆరింటికీ 12వ ఫ్రెట్ తేడా కాగితం మీద రాసుకుని, ఒక్కో శాడిల్ వెనక మిగిలిన చోటు దాని పక్కన రాయండి. ఆ చోటు చాలకపోతేనే కొత్తది కొనండి.