నాలుగేళ్లుగా క్లబ్‌హౌస్‌కి వెళ్తున్నాను: నా అనుభవం

నాకు స్కిజోఫ్రీనియా ఉంది. రెండోసారి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మందులు మానకుండా వేసుకునేవాణ్ణి. గొంతులు వినిపించడం చాలావరకు తగ్గింది. కానీ తెల్లారితే లేచి చేయాల్సిన పనంటూ ఏదీ లేదు. "మందు వేసుకున్నావా?" అని తప్ప నన్ను ఇంకేదీ అడిగేవాళ్లు కాదు. ఆ రోజుల్లో డాక్టర్ చెబితే మానసిక ఆరోగ్య క్లబ్‌హౌస్‌లో చేరాను. మానసిక జబ్బు ఉన్నవాళ్లు సభ్యులుగా చేరి, కలిసి పనిచేసుకునే చోటు అది. నాలుగేళ్లు దాటింది. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. అక్కడ వైద్యం ఉండదు. మందులివ్వరు, కౌన్సెలింగ్ క్లాసులు పెట్టరు. అవి బయట మన డాక్టర్ దగ్గరే. ఇక్కడ ఉండేది పని. వంటగది, ఆఫీసు పని, సభ్యుల హాజరు చూడటం, వచ్చినవాళ్లకు అన్నీ చూపించడం, ఇవన్నీ సభ్యులూ సిబ్బందీ పక్కపక్కనే నిలబడి చేస్తారు. మనల్ని పేషెంట్ అనరు, సభ్యుడు అంటారు.

మొదటి నెల నాకు నచ్చలేదు. ఎవరూ ఫలానా పని చేయమని చెప్పరు. ఓ మూల కూర్చుని సాయంత్రం ఇంటికి వచ్చేసేవాణ్ణి. నోరు తెరిచి అడగలేనివాళ్లకు ఇది నిజంగా కష్టం, కొత్తవాళ్లను ఇంకాస్త దగ్గరుండి చూసుకోవాలి. ఓ రోజు కూరగాయలు తరిగేవాళ్లు తక్కువయ్యారు. "కాస్త చేయి వేస్తారా?" అని ఒకావిడ అడిగింది. నేనేదో చేయగలనని చాలా ఏళ్ల తర్వాత ఒకరు అనుకున్నారు. ఆ మాట నాకిప్పటికీ గుర్తే.

సిబ్బంది ఎందుకింత తక్కువమంది ఉన్నారా అనుకునేవాణ్ణి. కావాలనే అలా పెట్టుకుంటారని తర్వాత తెలిసింది. సభ్యులు చేయి వేయకపోతే ఆ రోజు పని గడవకూడదు, అదే క్లబ్‌హౌస్ నియమం. మనం రాకపోతే లోటు తెలుస్తుంది. రెండు రోజులు వెళ్లకపోతే ఫోన్ వస్తుంది: "మీరు రాలేదేం? ఒంట్లో బాగానే ఉందా?" అని. చేసేదీ మనలాంటి సభ్యుడే. నన్ను నిలబెట్టింది ఆ పలకరింపే.

ఈ పద్ధతి పుట్టుకలోనూ అదే ఉంది. 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ మానసిక ఆసుపత్రిలో పరిచయమైన కొందరు రోగులు బయటికొచ్చాక ఒకరికొకరు తోడుగా కలుసుకునేవారు. తమ బృందానికి 'మనం ఒంటరివాళ్లం కాదు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. 1948లో మొదలైన ఫౌంటెన్ హౌస్ అనే తొలి క్లబ్‌హౌస్‌కు మూలం ఆ బృందమే. ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్న క్లబ్‌హౌస్‌లు ఆ బాటలో వచ్చినవే.

రెండో ఏడు క్లబ్‌హౌస్ ద్వారా బయట ఒక పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. జీతం కంపెనీ ఇస్తుంది. మూడో నెలలో నాకు మళ్లీ నిద్ర పట్టక, భయాలు మొదలై వెళ్లలేకపోతే, సిబ్బందిలో ఒకరు నా బదులు వెళ్లి ఆ పని చేసి వచ్చారు. ఉద్యోగం పోలేదు. నేను తేరుకుని మళ్లీ వెళ్లాను. కానీ అలాంటి ఉద్యోగం ఆరు నుంచి తొమ్మిది నెలలే, తర్వాత ఇంకొకరికి ఇస్తారు. న్యాయమే అని తెలుసు, అయినా ఆ చివరి వారం చాలా బాధపడ్డాను.

సెలవు రోజుల్లో కార్యక్రమాలు తక్కువ. నాకు వారాంతాలే ఎక్కువ బరువుగా గడుస్తాయి కాబట్టి ఈ లోటు పెద్దదే. ఇంకోటి, జబ్బు బాగా ముదిరి ఉన్న సమయంలో ఇది ఆసుపత్రికి బదులు కాదు. ముందు చికిత్స, కుదుటపడ్డాక ఇక్కడికి.

ఒకసారి సభ్యులైతే గడువు అంటూ ఉండదు. మధ్యలో నాలుగు నెలలు మానేశాను. తిరిగి వెళ్లిన రోజు ఎందుకు మానేశావని ఎవరూ నిలదీయలేదు. ఆ రోజు వంటకు మనుషులు తక్కువున్నారని చెప్పి, కత్తి నా చేతికిచ్చారు.