బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్), ఎస్జీటీ (ప్రైమరీ స్కూల్ టీచర్) రెండూ వస్తే ఏది మేలు?

టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది, 2025లో ఏపీ మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చాక ఇంకా ఎక్కువైంది. నా ఓటు ఎస్జీటీకే, జీతం చూసి మాత్రం కాదు.

జీతంలో బ్యాంకుదే పైచేయి. 2024లో బ్యాంకు జీతాల సెటిల్‌మెంట్ అయ్యాక పీవో బేసిక్ 48,480తో మొదలవుద్ది, ఏపీలో ఎస్జీటీకి 32,670. ప్రమోషన్లూ అక్కడే త్వరగా వస్తాయి, ఎస్జీటీ స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్ట్ టీచర్) అవ్వాలంటే సీనియారిటీ లిస్టు కదిలేదాకా ఏళ్ళకేళ్ళు ఎదురుచూడాలి. పాత పెన్షన్ రెండుచోట్లా లేదు, ఏపీ టీచర్లకి 2004 సెప్టెంబర్ నుంచి సీపీఎస్, బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ నుంచి ఎన్‌పీఎస్, రెండూ జీతంలోంచి కోసి దాచే పెన్షన్లే.

కానీ ఉద్యోగంలో ఉన్నోళ్ళని కదిలించి చూడండి, జీతం మాట తర్వాతెప్పుడో వస్తుంది. పీవోలకి ముందు గుర్తొచ్చేది టార్గెట్లు. లోన్లు, డిపాజిట్లు చూసుకోవడానికి చేరిన మనిషి కౌంటర్ దగ్గరకొచ్చిన రైతుకి ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టాలి, సాయంత్రమయ్యేసరికి ఎన్ని చేశావని పైనుంచి ఫోన్, ఇష్టంలేని పని రోజూ చేస్తుంటే 48 వేల బేసిక్ ఏం సంతోషాన్నిస్తుంది చెప్పండి? పైగా పోస్టింగ్ ఏ రాష్ట్రంలో పడుద్దో తెలీదు, మూడేళ్ళకోసారి సామాను సర్దడం, పిల్లల స్కూలు మార్చడం, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే చెరో ఊరు.

టీచర్లకి తలనొప్పుల్లేవని కాదు. ఫేస్ అటెండెన్స్, గుడ్ల లెక్కలు, ఓటర్ల లిస్టు చూసే బీఎల్వో డ్యూటీ, ఒకప్పుడైతే బాత్రూం ఫొటోలు కూడా తీయించారు. ఐదు తరగతులకి ఒక్కరే ఉన్న స్కూల్లో ఈ యాప్‌లన్నీ నింపేసరికి పాఠం చెప్పే టైమే పోతుంది, టీచర్ల అసలు బాధ అదే, దాన్ని గవర్నమెంట్ సీరియస్‌గా తీసుకోవాలి. అయినా క్లాసులోకెళ్ళాక చేసేది తను చదువుకున్న పనే. జూన్‌లో అక్షరాలు రాని పిల్ల సంక్రాంతికల్లా బోర్డులు చదివేస్తుంటే ఆ తృప్తి ఏ ఇన్సెంటివ్‌కీ రాదు. డీఎస్సీ జిల్లావారీ కాబట్టి ఎక్కువమందికి సొంత జిల్లాలోనే ఉద్యోగం, బదిలీలు పాయింట్లు, కౌన్సెలింగ్ పద్ధతిలో జరుగుతాయి, ఏపీలో 2025లో దానికి చట్టం కూడా చేశారు.

ఇంటిమీద అప్పులుండి, ఎక్కడికైనా వెళ్ళగలిగేవాళ్ళయితే పీవోనే తీసుకోండి, తప్పులేదు. కాకపోతే చాలా బ్యాంకులు చేరేటప్పుడు బాండ్ రాయించుకుంటాయి, ముందు చేరిపోయి తర్వాత డీఎస్సీకి వెళ్దాంలే అనుకునేవాళ్ళు ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదివాకే సంతకం పెట్టండి.