పదేళ్ల పాఠకులా, పదహారేళ్ల పాఠకులా: నవలాకారుడికి ఎవరు మేలు?

పిల్లల కోసం నవలలు రాస్తూ బతకాలనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సిన విషయం, ఏ వయసు పిల్లలకు అన్నది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు వాళ్లకు రాయడం ఒక దారి. పదమూడు దాటినవాళ్లకు, ఇంగ్లిషు ప్రచురణకర్తలు యంగ్ అడల్ట్ అని పేరుపెట్టి వేరే అరలో ఉంచే నవలలు రాయడం ఇంకో దారి. బయటినుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ డబ్బు వచ్చే తీరు, పేరు వచ్చే తీరు, చివరికి తిట్లు వచ్చే తీరు కూడా వేరు. బ్రిటన్‌లో ఈ రెండు దారులూ బాగా నలిగినవి కాబట్టి అక్కడి సంగతులతోనే బేరీజు వేద్దాం.

మొదట ఒక చేదు అంకె. బ్రిటన్‌లో రచనే ప్రధాన వృత్తిగా ఉన్నవాళ్ల ఆదాయం మీద అక్కడి రచయితల హక్కుల సొసైటీ 2022లో ఒక సర్వే ప్రకటించింది. మధ్యస్థ ఆదాయం ఏడాదికి 7,000 పౌండ్లు. అంటే సగం మందికి రాతమీద వచ్చేది అంతకన్నా తక్కువే. 2006లో అదే లెక్క 12,330 పౌండ్లు. కాబట్టి రాయల్టీ ఎంత అన్నదానికంటే, రాయల్టీ కాక ఇంకేం వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ చిన్నపిల్లల రచయితదే పైచేయి. బళ్లకు వెళ్లి పిల్లలతో మాట్లాడినందుకు అక్కడ రుసుము ఇస్తారు. మార్చిలో ప్రపంచ పుస్తక దినం జరుపుకుంటారు గనక ఆ నెలంతా చాలామందికి ఊపిరాడదు. ప్రాథమిక పాఠశాలలో ఒక టీచరు తలుచుకుంటే తరగతి మొత్తాన్ని ఒక పూట రచయిత ముందు కూర్చోబెట్టగలదు. పెద్ద బళ్లలో సబ్జెక్టుకో టీచరు, గంటకో పీరియడు, పదహారేళ్లకు మన పదో తరగతి పరీక్షల్లాంటి జీసీఎస్‌ఈ పరీక్షలు. అక్కడ రచయితకు ఒక గంట దొరకడమే కష్టం. దీనికి తోడు గ్రంథాలయాల సొమ్ము. పుస్తకాన్ని ఎవరైనా అరువు తీసుకెళ్లిన ప్రతిసారీ ప్రభుత్వ నిధి నుంచి రచయితకు కొన్ని పెన్నీలు జమ అవుతాయి. ఏడాదికి 6,600 పౌండ్లు పరిమితి. చిన్నపిల్లలు ఒకే రచయితవి వరసపెట్టి చదువుతారు, చదివిందే మళ్లీ చదువుతారు. అదీ కలిసొచ్చే సంగతే.

బ్రిటన్ రచయిత్రి జాక్వెలిన్ విల్సన్ సంగతే చూడండి. పదిహేడేళ్లకే స్కాట్లండ్‌లోని డండీలో పత్రికల కంపెనీలో చేరింది. తర్వాత పెద్దలకు నేరకథలు రాసింది, పిల్లలకూ రాసింది. పిల్లల సంరక్షణ గృహంలో పెరిగే ట్రేసీ బీకర్ అనే పెంకి పిల్ల కథ 1991లో వచ్చేదాకా ఆమె పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఆ తర్వాత బ్రిటన్ గ్రంథాలయాల్లో ఏళ్ల తరబడి అందరికన్నా ఎక్కువగా అరువు వెళ్లినవి ఆమె పుస్తకాలే. మూడు నాలుగేళ్లకోసారి కొత్త ఎనిమిదేళ్లవాళ్లు తయారవుతూనే ఉంటారు. పాత పుస్తకం వాళ్లకు కొత్తదే.

మరి టీనేజ్ నవలకు ఏముంది? సందడి ఉంది. అమెరికాలో 2012లో జరిగిన ఒక సర్వేలో ఈ నవలలు కొన్నవాళ్లలో 55 శాతం మంది 18 దాటినవాళ్లేనని తేలింది. సొంత జేబులో డబ్బున్న పాఠకులన్నమాట. సినిమావాళ్లు, టీవీవాళ్లు కూడా ఇటే చూస్తారు. కానీ ఆ సందడి పుస్తకం చుట్టూ ఉంటుంది, రచయిత చుట్టూ నిలవదు. పదిహేనేళ్ల పాఠకురాలు రెండేళ్లలో ఇంకో అరకు వెళ్లిపోతుంది. పైగా కథలో వాడిన కుర్రభాష, ఫోన్లు, పాటలు చూస్తుండగానే పాతబడతాయి. నిషేధాల గొడవ సరేసరి. అమెరికా రచయిత్రి జూడీ బ్లూమ్ చిన్నపిల్లల పుస్తకాలకూ ఆ బాధ తప్పలేదు గానీ, కౌమార ప్రేమ మీద 1975లో రాసిన నవలను మాత్రం దశాబ్దాల తర్వాత కూడా అమెరికా బళ్ల గ్రంథాలయాల్లోంచి తీయించాలని చూశారు.

అయినా మనసులో ఉన్నది మొహమాటం లేకుండా చెప్పే వీలు టీనేజ్ నవలకే ఎక్కువ. బ్రిటన్ రచయిత్రి మాలరీ బ్లాక్‌మన్ కంప్యూటర్ ఉద్యోగం వదిలి రాయడం మొదలుపెట్టింది. మొదటి పుస్తకం 1990లో అచ్చయ్యేలోపు 82 తిరస్కరణ లేఖలు అందుకుంది. నల్లవాళ్లు పాలకులుగా, తెల్లవాళ్లు అణగారినవాళ్లుగా ఉండే లోకాన్ని ఊహించి రాసిన నవల 2001లో గానీ రాలేదు. మధ్యలో ఆ పదేళ్లూ ఆమె ఎక్కువగా రాసింది చిన్నపిల్లలకే. నాకు నచ్చిన వరస ఇదే. ముందు చిన్నవాళ్లకు రాసి చేయి తిప్పుకోవాలి, బళ్లలో పరిచయాలు పెంచుకోవాలి. టీనేజ్ నవల ఎప్పుడు రాసినా ఒప్పుకునే ప్రచురణకర్త అప్పటికి దొరికి ఉంటాడు. ముందే టీనేజ్ నవలతో పేరు తెచ్చుకుని తర్వాత ఎనిమిదేళ్లవాళ్ల దగ్గరికి రావడం కష్టం. తల్లిదండ్రులు పేరు చూసి జంకుతారు.

తెలుగులో అయితే ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. చిన్నపిల్లల నవలకు మనకో పునాది ఉంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం దశాబ్దాలపాటు సీరియళ్లు రాశారు. రచయితగా ఆయన పేరు అచ్చులో ఉండేది కాదు, ఉద్యోగిగా జీతం మాత్రం నెలనెలా వచ్చేది. చిత్రమైన బేరమే గానీ, ఒక మనిషి అన్నేళ్లు పిల్లల నవలలే రాయగలిగాడంటే ఆ జీతం వల్లే. ఇప్పుడా జీతాలు లేవు, రాసేవాళ్లలో చాలామంది టీచర్లు. సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం మొదలైన 2010లోనే తెలుగులో కలువకొలను సదానంద పిల్లల నవలకు దక్కింది. 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ నవలకు వచ్చింది. బహుమతి 50,000 రూపాయలు, దానితో సంసారం నడవదు.

టీనేజ్ నవలకు మన పుస్తకాల షాపుల్లో అరే లేదు. ఒకప్పటి పిల్లలు చందమామ మూసి నేరుగా వారపత్రికల సీరియళ్లలోకి దూకేవాళ్లు. ఇప్పటి పిల్లల్లో చదివే అలవాటున్నవాళ్లు ఆ వయసుకు ఎక్కువగా ఇంగ్లిషులోకి వెళ్తున్నారు. అందుకని తెలుగులో పదహారేళ్ల నాయికతో నవల రాసినవాళ్లు దాన్ని పిల్లల నవలల పోటీకి పంపకపోవడమే మంచిది. ముద్దు సన్నివేశం ఒక్కటున్నా అక్కడ పక్కన పెట్టేస్తారు. పెద్దల పత్రికకే పంపండి, వయసు సంగతి కవరింగ్ లెటర్‌లో అసలు ఎత్తకండి.