ట్రామా థెరపీలో ప్రార్థనకు చోటెక్కడ: మూడేళ్ల తర్వాత సమీక్ష

క్రైస్తవ విశ్వాసంతో కలిపి చేసే ఇంటెన్సివ్ ట్రామా థెరపీ (మనసును గాయపరిచిన అనుభవాలకు చికిత్స) పనిచేస్తుంది. అయితే ప్రార్థన తన చోట తాను ఉండాలి. మూడేళ్లలో రెండు విడతలు పూర్తిచేసి, ఫలితం నిలిచిందని చూసుకున్నాక చెబుతున్న మాట ఇది.

వారానికో గంట చొప్పున నెలలు పట్టే పనిని ఇందులో ఐదు రోజుల్లో చేస్తారు. రోజుకు 90 నిమిషాల సెషన్లు రెండు మూడు ఉంటాయి. తెరిచిన గాయాన్ని వారం పాటు మోస్తూ తిరగక్కర్లేదు, అదే పెద్ద లాభం. ఆత్మహత్య ఆలోచనలు తీవ్రంగా ఉన్నవారు, హింస ఇంకా జరుగుతున్న ఇంట్లో ఉన్నవారు మాత్రం ముందు భద్రత చూసుకోవాలి, ఇది తర్వాత.

ఈఎండీఆర్‌ (కంటి కదలికలతో చేసే ట్రామా చికిత్స) పద్ధతిలో పాత దృశ్యాన్ని మనసులో నిలుపుకుని థెరపిస్టు వేళ్ల కదలికను కళ్లతో వెంబడిస్తారు. మధ్యమధ్యలో బాధ ఎంతుందో 0 నుంచి 10 లోపు చెప్పాలి. 7 దగ్గర మొదలైంది తగ్గేముందు 9కి ఎక్కడం మామూలే. ప్రార్థన అడ్డం పడేది సరిగ్గా అక్కడే. "ప్రభువా, దీన్ని తీసేయి" అని ఆపేస్తే ఆ క్షణానికి ఊరట దొరుకుతుంది గానీ జ్ఞాపకం చెక్కుచెదరదు. పైగా అది తట్టుకోలేనిదేనన్న భయం ఇంకా గట్టిపడుతుంది. అందుకే ప్రార్థనను సెషన్‌కు ముందు ఐదు నిమిషాలు, ముగిశాక పది నిమిషాలు ఉంచడం మేలు. మధ్యలో యేసు రూపం దానంతటదే మనసులోకి వస్తే తోసేయక్కర్లేదు, పిలిచి రప్పించనూ అక్కర్లేదు.

విశ్వాసం తెలిసిన థెరపిస్టు విలువ తెలిసేది ఆలోచనల మీద పనిచేసేటప్పుడు. "నా పాపానికి ఇది శిక్ష", "విశ్వాసం గట్టిగా ఉంటే ఈపాటికి తగ్గేది" లాంటి మాటల్ని కాగితం మీద రాయించి, దానికి ఆధారం ఏమిటి, వ్యతిరేకంగా ఏముంది అని ఒక్కొక్కటే అడుగుతారు. బైబిల్లో కష్టాలు పడ్డ యోబుతో అతని స్నేహితులు వాదించింది మొదటి మాటే. వారు తనను గూర్చి యుక్తమైనది పలకలేదని యోబు గ్రంథం 42వ అధ్యాయంలో దేవుడే అంటాడు. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా అది ప్రార్థనే. బైబిలు ఎరగని థెరపిస్టు ఈ ఆలోచనల్ని మతవిషయమని ముట్టుకోకుండా వదిలేసే ప్రమాదం ఉంది.

క్షమాపణను రెండో రోజే ముందుకు తెస్తే పని చెడుతుంది. జరిగినదాని మీద కోపం రాకముందే క్షమించమంటే, బాధితులు నేరాన్ని తమ మీద వేసుకుంటారు. క్షమించడం వేరు, ఆ మనిషితో మళ్లీ కలవడం వేరు. ఫిర్యాదు చేసే హక్కు రెండింటికీ లోబడదు.

ఫ్లాష్‌బ్యాక్‌నో (పాత సంఘటన మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం), ఒళ్లు మొద్దుబారడాన్నో దయ్యం పనిగా చూసే చోట చేరకండి. అడగకుండా తలమీద చేతులుంచే చోట కూడా వద్దు. మందులు మానమని ఎవరన్నా మానకండి, ఆ నిర్ణయం డాక్టరుది. థెరపిస్టుకు లైసెన్సు, ట్రామా పద్ధతిలో శిక్షణ ఉన్నాయో లేదో విడివిడిగా అడగండి. భక్తి ఆ రెండింటి లోటూ తీర్చదు. గదిలో చెప్పింది సంఘంలో "ప్రార్థన అంశం"గా బయటికి రాదని రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ ఐదు రోజులూ ఉపవాసం, రాత్రి ప్రార్థనలు వద్దు. నిద్ర, తిండి తగ్గితే ఆ జ్ఞాపకాలతో చేసే పనిని తట్టుకునే శక్తి ఉండదు. చావాలని కోరిన ప్రవక్త ఏలీయాకు దూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. రెండుసార్లు తిని, నిద్రపోయాకే హోరేబు కొండకు ప్రయాణం.

ముగిశాక కొన్నాళ్లు కలలు ఎక్కువ కావచ్చు, పెద్ద నిర్ణయాలు వాయిదా వేయండి. మొదటి రోజుకు ముందు, నెలకు, మూడు నెలలకు పీసీఎల్-5 (ట్రామా లక్షణాలు ఎంత ఉన్నాయో కొలిచే ప్రశ్నాపత్రం) నింపండి. ఇందులో 20 ప్రశ్నలు, 80 మార్కులు. స్కోరు బాగా తగ్గితే మార్పు నిజమైనదే. సంఘంలో సాక్ష్యం చెప్పమంటే, కనీసం ఆ మూడో నెల స్కోరు చేతికొచ్చేదాకా ఒప్పుకోకండి. వందమంది ముందు ఆ సంఘటనను మళ్లీ చెబుతుంటే బాధ 9కి ఎక్కితే, పక్కన థెరపిస్టు ఉండరు.