జీవన్ ప్రమాణ్ ముఖ గుర్తింపు: వేలిముద్ర పడని పెన్షనర్లకు మేలే, కానీ...

పెన్షనర్ బతికే ఉన్నారని ఆధార్‌తో తెలిపే డిజిటల్ ధ్రువపత్రం జీవన్ ప్రమాణ్. 2014లో మొదలైన దీనికి 2021లో ముఖ గుర్తింపు తోడైంది. వేళ్ల గీతలు అరిగిపోయిన పెద్దలకు ఇది నిజంగా ఊరట.

ఫోన్‌లో ముఖాన్ని స్కాన్ చేసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ ఉండాలి. ముందుగా ఇంట్లో ఒకరు తమ ఆధార్‌తో ఆపరేటర్‌గా నమోదవ్వాలి. ఆ తర్వాతే పెన్షనర్ ముఖం స్కాన్. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి, కిటికీ వాళ్ల వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పడి విఫలమవుతుంది.

అసలు చిక్కు ఇక్కడ కాదు. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరో, ఖాతా నంబరో తప్పు కొట్టినా ప్రమాణ్ ఐడీ, అంటే ధ్రువపత్రం నంబరు, వచ్చేస్తుంది! పెన్షన్ ఇచ్చే సంస్థ దాన్ని తర్వాత తిరస్కరిస్తుంది. తప్పును నమోదులోనే పట్టుకోకపోవడం పెద్ద లోపం, దీన్ని తప్పక సరిదిద్దాలి. అప్పటిదాకా ఐడీతో ఆగకుండా బ్యాంకులో ఆమోదం అడిగి తెలుసుకోండి. తిరస్కరిస్తే వివరాలు సరిచూసి కొత్తది చేయించాలి.