ముఖం కనబడని ఫొటోలతో నిమ్మలకుంటకు

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంది. 2021 ఎండాకాలంలో, కరోనా రెండో విడతప్పుడు, ఆక్సిజన్ సిలిండర్లు మోసి, సొంతవాళ్లు కూడా ముట్టుకోని శవాలను శ్మశానానికి చేర్చిన మా కుర్రాళ్ల బొమ్మలు అక్కడ పెడదామని కమిటీలో అనుకున్నాం. ఫ్లెక్సీ కొట్టిస్తే సరిపోతుందన్నారు కొందరు. రెండేళ్లకు వెలిసిపోయే ఫ్లెక్సీ ఎందుకు, తోలుబొమ్మల పద్ధతిలో చేయిద్దామని నేను నోరు జారాను. నోరు జారినవాడే పోవాలి కదా. తోలుబొమ్మలు చేసే ఊరు, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు పోదామని డిసెంబరులో నేనూ, మా బావమరిదీ కర్నూలులో బస్సెక్కాం.

అనంతపురానికి మూడు గంటలు పైనే పట్టింది. హైవే బాగుంది కాబట్టి రైలు కోసం కాచుకోవడం కంటే బస్సే నయం. దిగింది బస్టాండు పక్క లాడ్జిలో, పేరు వద్దులెండి. గదికి 1,200. ఫోన్లో చూసిన ఫొటోలో పెద్ద కిటికీ ఉంది, గదిలో లేదు. గీజరు లైటు వెలుగుతుంది గానీ నీళ్లు కాగవు. అడిగితే కౌంటరు దగ్గరి అబ్బాయి "అనంతపురంలో వేన్నీళ్లు ఎవరడుగుతారు సార్" అన్నాడు. బకెట్టు మాత్రం పైకి పంపాడు, అదీ గంట తర్వాత. మా దారిలో వెళ్లేవాళ్లు ధర్మవరంలో దిగడమే మంచిది, తిరుగుడు తగ్గుతుంది. అయితే పొద్దున సందులోని బండి దగ్గర తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ధర్మవరంలో దొరికేవో లేదో. బావమరిది రెండో ప్లేటు కూడా లాగించి, లాడ్జిని క్షమించేశాడు.

అక్కడి నుంచి బత్తలపల్లి. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా, 2022లో విడగొట్టారు. అడిగితే మాత్రం ఊళ్లో సగంమంది ఇంకా "మాది అనంతపురం" అనే చెబుతారు. మేం ఆగింది ఫాదర్ ఫెర్రర్ సమాధి చూద్దామని. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు సీమలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థ మొదలుపెట్టాడు. ఆసుపత్రులు, బడులు, పక్కా ఇళ్లు, నీటి పనులు, ఏది అడిగినా ఇక్కడివాళ్లు ఆ మూడక్షరాల పేరే చెబుతారు. 2009 జూన్ 19న అనంతపురంలోనే పోయాడు. ఆర్డీటీ ఆసుపత్రి ఉన్న ఈ బత్తలపల్లిలోనే పూడ్చారు. సమాధి దగ్గర మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఎక్కువసేపు నిలబడింది ఆ తర్వాత టీ తాగిన హోటల్లో. గల్లాపెట్టె పైన మూడు ఫొటోలు. వెంకటేశ్వరస్వామి, మధ్యలో కళ్లజోడు ఫాదర్, ఈ పక్కన తలపాగాతో ఒక పెద్దాయన, హోటలాయన తండ్రి. ముగ్గురికీ ఒకే దారానికి గుచ్చిన కనకాంబరాలు, వాడిపోకుండా. రోజూ మారుస్తారా అని అడిగితే, "స్వామికి మార్చినప్పుడు వాళ్లకు మార్చకపోతే ఎట్లన్నా" అన్నాడు. ఊరికో సర్కిల్లో పక్షులు పాడుచేసే విగ్రహాలు చాలా చూశాను. వాటికి ఏడాదికోసారి నిచ్చెన వేస్తారు. మా గోడ ఈ హోటలు గోడలా ఉండాలి గానీ సర్కిల్లా కాకూడదని అక్కడే బావమరిదితో అన్నాను. "దండలు రోజూ నువ్వే మారుస్తావా బావా?" అన్నాడు.

నిమ్మలకుంటకు ధర్మవరం నుంచి ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ బేరం, వెయిటింగ్ ఎంతసేపైనా అన్నాడు. గంట దాటేసరికి హారన్ మొదలైంది. తిరిగొచ్చాక ఇంకో రెండొందలు అడిగాడు, ఇచ్చాం. ముందే గంటల లెక్క మాట్లాడుకోండి.

ఆ ఊళ్లో తోలుబొమ్మల పని చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు ఆడించే రోజులు తగ్గాక చాలామంది ల్యాంప్‌షేడ్లు, తలుపులకు వేలాడదీసే బొమ్మలు చేసి బతుకుతున్నారు. మేం వెళ్లిన ఇంట్లో అరుగు మీద మేకతోలు బిగించి ఉంది. శుభ్రం చేసి గీకి గీకి పలచన చేసిన తోలు, వెనక వేలు పెడితే వేలి నీడ కనబడుతోంది. ఆ ఇంటాయన దాని మీద చిన్న ఉలి ఆనించి సుత్తితో ఒక్కటి కొడతాడు, ఆవగింజంత చిల్లు. నగ ఒక్కదానికే అలాంటివి యాభై పైన. రంగు రెండు వైపులా వేస్తారు. పూర్తయిన హనుమంతుణ్ణి ఎత్తి బల్బు ముందు పట్టాడు. అంతదాకా మురికి ఎరుపుగా ఉన్న ఒళ్లు ఒక్కసారిగా నిప్పులా రగిలింది, చిల్లుల్లోంచి హారం మెరిసింది. బావమరిది జోకులు ఆపేశాడు.

తర్వాత మా ఫొటోలు చూపించాం. టెన్షన్ మొదలైంది అక్కడే. ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి, "ముఖాలేవి సార్?" అన్నాడు. నిజమే. అన్నింటిలోనూ తెల్ల పీపీఈ కిట్లు, మాస్కులు, చెమట ఆవిరి పట్టిన కళ్లద్దాలు. ఆధార్ ఫొటోలు పంపిస్తామన్నాను. "అవి చేస్తే మనిషి వస్తాడు, పని రాదు" అన్నాడు. అరగంట చూసి ఒకటి పట్టుకున్నాడు. అంబులెన్సు ఎక్కుతుండగా వెనక నుంచి తీసింది. నలుగురి వీపుల మీదా స్కెచ్ పెన్నుతో పేర్లు. అప్పట్లో ఆ డ్రెస్సులో ఎవరెవరో తెలియక అలా రాసుకునేవాళ్లు. వీపులే చేస్తానన్నాడు, అక్షరాలు చిల్లులతో, వెనక లైటు. రేటు మేం అనుకున్నదానికి రెట్టింపు. ఒక్కో అక్షరానికి ఎన్ని దెబ్బలు పడతాయో చూశాక బేరమాడటానికి నోరు రాలేదు. సగం అడ్వాన్సు ఇచ్చాం.

మర్నాడు లేపాక్షి. సెలవు కావడంతో జనం, ఎక్కువగా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చేవాళ్లే. మీరు తల పైకెత్తండి. కప్పు మీద ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు పరివారంతో విభూతి అందుకుంటూ ఉంటారు, పొడవాటి కుళ్లాయిలతో. 1530ల నాటి గుడి. డబ్బిచ్చినవాళ్లు అక్కడున్నారు. ఆ బొమ్మ వేసినవాళ్లెవరని గైడును అడిగితే, తిన్నగా విరూపణ్ణ తన కళ్లు తానే పీకి విసిరికొట్టాడని కథ చెప్పే గోడ దగ్గరికి తీసుకెళ్లి ఎర్ర మరకలు చూపించాడు.

ఆ గోడ దగ్గరే ఫోన్ మోగింది. నిమ్మలకుంట నుంచి. మూడో మనిషి వీపు మీద చివరి అక్షరం బట్ట మడతలో పడిపోయిందట, అది 'న' ఏనా, 'స' ఏనా అని. నాకూ గుర్తులేదు. కర్నూలుకు చేసి కనుక్కుని చెబుతానన్నాను.