ఆగస్టు హైదరాబాదా, చలికాలం వైజాగా?

మా రన్నింగ్ క్లబ్‌లో ఏటా ఇదే చర్చ: 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ ఎక్కడ పరిగెత్తాలి?

ఖర్చు: మాలాగా హైదరాబాద్‌లోనే ఉండేవాళ్లకు హైదరాబాద్ మారథాన్ చవక. వైజాగ్ నేవీ మారథాన్‌కు రైలు టికెట్, బస కలుపుకోవాలి.

శ్రమ: హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లే అసలు పరీక్ష. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు తొందరపడితే తొడలు పట్టేస్తాయి. పైగా ఆగస్టు పరుగుకు సాధన మొదలయ్యేది మండుటెండల్లో. వైజాగ్ సాధన వానాకాలంలో సాగుతుంది, కాస్త నయం. బీచ్ రోడ్డూ పూర్తి చదునేం కాదు లెండి.

రిస్క్: ఆగస్టులో ఉక్క, వాన. వైజాగ్‌లో సముద్రపు తేమ, పైగా అది తుపాన్ల సీజన్. క్యాన్సిల్ చేసుకోగల టికెట్ కొనండి.

మొదటి హాఫ్ అయితే నా ఓటు వైజాగ్‌కే. ఎత్తుపల్లాల మీద ముందే సాధన ఉండి, ప్రయాణం టెన్షన్ వద్దనుకుంటే హైదరాబాద్.